చుక్క పెట్టని వలయం



ఒకప్పుడు మన ఇళ్లలో బీరువా పై అరలో లావుపాటి నోటుపుస్తకం ఒకటి ఉండేది. పాలవాడి లెక్క, ఖుర్బానీ మేక ధర, పొరుగింటికి ఇచ్చిన చేబదులు, బిడ్డ అఖీఖా ఖర్చు, జుమా ప్రసంగంలో విన్న హదీసు, మౌల్వీ సాహెబ్ రాసి ఇచ్చిన దుఆ, అన్నీ అందులోనే. ఇంటి పెద్ద మరణిస్తే ముందుగా తెరిచేది కూడా ఆ పుస్తకాన్నే. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుండి ఎంత రావాలో అది చెప్పేది.

ఇప్పుడు ఆ పుస్తకం ఫోనులోకి చేరింది. రాతలను భద్రపరిచే అప్లికేషన్లు అనేకం వచ్చాయి. వాటిలో రాయవచ్చు, ఫోటో తీసి దాచవచ్చు, గొంతు రికార్డు చేసి ఉంచవచ్చు, ఒక్క మాట కొట్టి వెదుక్కోవచ్చు. ఇది అల్లాహ్ ప్రసాదించిన సౌకర్యమే. అయితే ఈ పుస్తకానికి ఒక చిక్కు ఉంది. బీరువాలోని పుస్తకం మనది, బీరువా కూడా మనది. ఫోనులోని పుస్తకం మనదే అయినా, దాన్ని దాచిన బీరువా మరొకరిది. ఆ బీరువా యజమాని నిబంధనలు మారినప్పుడో, మనకే మరొక చోటు అనుకూలమనిపించినప్పుడో సామాను సర్దుకొని బయలుదేరవలసి వస్తుంది. గత షాబాన్ మాసంలో మేము అలాంటి తరలింపు ఒకటి చేశాము. అందులో నేర్చుకున్నది ఈ నెల పాఠకులతో పంచుకోదలచాము.

మా సంగ్రహం 2011 నుండి ఎవర్‌నోట్‌లో పెరుగుతూ వచ్చింది. మొత్తం 4,300కు పైగా రాతలు, 27 నోటుబుక్కులు. ఎవర్‌నోట్ 2008లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2023 ఆరంభంలో అది ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ సంస్థ చేతికి వెళ్లింది. అదే సంవత్సరం డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 రాతలు, ఒక్క నోటుబుక్కు అనే పరిమితి ఏర్పడింది. అప్పటి నిబంధన ప్రకారం అంతకు మించి ఉన్నవారు పాతవి చూసుకోవచ్చు, బయటకు తీసుకోవచ్చు. కొత్తవి చేర్చాలంటే రుసుము చెల్లించవలసి వచ్చింది. దీన్ని మేము తప్పు పట్టడం లేదు. వర్తకుడు తన సరుకుకు ధర నిర్ణయించుకోవడం అతని హక్కు, కొనాలో వద్దో తేల్చుకోవడం మన హక్కు. ఈ సందర్భం మాకు ఒక ప్రశ్నను మాత్రం మిగిల్చింది. పన్నెండేళ్లకు పైగా కూడబెట్టుకున్న రాతలను ఏ అప్లికేషన్ సాయమూ లేకుండా తెరిచి చదవగలమా? లేదనే చెప్పుకోవలసి వచ్చింది. అందుకే కొత్త చోటును వెదికేటప్పుడు హంగుల జోలికి పోలేదు. రేపు ఈ అప్లికేషన్ కూడా లేకుండా పోతే మా రాతలు మాకు దక్కుతాయా అన్నదొక్కటే చూశాము.

ఈ దృష్టితో చూస్తే మార్క్‌డౌన్ అనే పద్ధతి మేలనిపించింది. ఇది 2004లో వచ్చింది. సాదా అక్షరాల మధ్య కొన్ని చిన్న గుర్తులు పెట్టి శీర్షికలు, జాబితాలు, ఒత్తక్షరాలు సూచించే పద్ధతి. అలా రాసిన ఫైలు ఏ కంప్యూటరులోనైనా, అతి సామాన్యమైన రాత పరికరంతోనైనా తెరుచుకుంటుంది. జాప్లిన్, అబ్సీడియన్ వంటి అప్లికేషన్లు ఈ పద్ధతిలోనే రాతలను ఉంచుతాయి. ఎవర్‌నోట్ నుండి తెచ్చుకున్న ఫైళ్లను స్వీకరించే ఏర్పాటు కూడా వాటిలో ఉంది.

తరలించే ముందు

ఇల్లు మారేటప్పుడు అనుభవం గల గృహిణి ముందుగా అట్టపెట్టెలు కట్టదు. ఏది తీసుకెళ్లాలి, ఏది ఇవ్వాలి, ఏది పారవేయాలి అని మూడు కుప్పలు వేస్తుంది. మేము కూడా మా రాతలను మూడు కుప్పలు చేశాము.

మొదటిది హక్కులకు సంబంధించినది. అప్పులు, అమానతులు, జకాత్ లెక్కలు, మెహర్ వివరాలు, ఆస్తి కాగితాల ఫోటోలు, వసియ్యతు. ఇతరుల హక్కు మన మెడ మీద ఉన్న రాతలన్నీ ఇందులోకి వస్తాయి. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పును రాసి పెట్టుకొమ్మనే ఆదేశానికి సంబంధించినదే. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని అక్కడ హితవు ఉంది. అంత ప్రాముఖ్యం గల రాతను మరొక చోటికి మార్చేటప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో చెప్పనక్కరలేదు.

రెండవది జ్ఞానానికి సంబంధించినది. హదీసులు, దుఆలు, ప్రసంగాల సారాంశాలు, పుస్తకాల నుండి ఎత్తి రాసుకున్నవి, ఇంటి వైద్యం, వంటకాల కొలతలు. ఈ కుప్పలోనే మాకు కొంత సిగ్గు కలిగింది. ఎక్కడి నుండి వచ్చిందో, ఏ గ్రంథంలోనిదో రాయకుండా “హదీసు” అన్న శీర్షిక కింద దాచిన రాతలు డెబ్బైకి పైగా కనిపించాయి. ఎవరో పంపగా మేము భద్రపరచినవే అవన్నీ. విన్నదంతా చెప్పుకుంటూ పోయేవాడు ఆ ఒక్క కారణం చేతనే అబద్ధాలాడినవాడవుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆధారం దొరికినవాటికి గ్రంథం పేరు, సంఖ్య చేర్చాము. దొరకనివాటిని కొత్త చోటికి తీసుకెళ్లలేదు.

మూడవది మిగిలినదంతా. కొనుగోలు రసీదులు, కాలం చెల్లిన ప్రయాణ టిక్కెట్లు, ఎప్పటివో సరుకుల జాబితాలు. వీటి మధ్య చేదు రాతలు కూడా ఉన్నాయి. ఫలానా పెళ్లిలో ఎవరు ఏమన్నారు, ఏ బంధువు ఏ మాట తప్పాడు, ఎవరి సందేశానికి తీసి ఉంచిన ఫోటో. రాసిన రోజున అవి సాక్ష్యంగా పనికొస్తాయనుకున్నాము. ఇప్పుడు చదివితే మా కోపం తప్ప మరేమీ కనిపించలేదు. తోటి ముస్లిము లోపాన్ని కప్పి ఉంచినవాని లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పి ఉంచుతాడన్న శుభవార్త ఒక వైపు ఉండగా, ఇతరుల లోపాల పుస్తకాన్ని మోసుకొని కొత్త ఇంటికి వెళ్లడమా? వాటిని అక్కడే తొలగించాము. ఆ తొలగింపు తర్వాత బరువు తగ్గింది ఫోనుకు మాత్రమే కాదు.

తరలించే విధానం

ఇక పని విషయానికి వద్దాము. ఎవర్‌నోట్ నుండి రాతలను ఎనెక్స్ అనే ఫైలుగా బయటకు తీయవచ్చు. ఇందుకు కంప్యూటరులోని అప్లికేషన్ కావాలి, ఫోను చాలదు. ఆ ఫైలులో రాత, దానికి తగిలించిన గుర్తింపు పదాలు, రాసిన తేదీ, మార్చిన తేదీ, జతచేసిన చిత్రాలు, పత్రాలు ఉంటాయి. కాని అది ఏ నోటుబుక్కులోనిదో ఫైలు లోపల రాసి ఉండదు. అందువల్ల అన్నిటినీ ఒక్క మూటగా కడితే కొత్త చోట అన్నీ ఒకే కుప్పగా పడతాయి. ఒక్కొక్క నోటుబుక్కును విడివిడిగా తీసి, ప్రతి ఫైలుకూ ఆ నోటుబుక్కు పేరే పెట్టుకోవాలి. మాకు 27 ఫైళ్లు తయారయ్యాయి.

మరికొన్ని జాగ్రత్తలు ముందే తీసుకోవాలి. రహస్య పదంతో తాళం వేసిన వాక్యాలు ఉంటే, తీయక ముందే తాళం విప్పాలి. లేకుంటే తాళంతోనే బయటకు వచ్చి కొత్త చోట చదవడానికి వీలు లేకుండా మిగిలిపోవచ్చు. ఒక రాత నుండి మరొక రాతకు వేసుకున్న లంకెలు పాత ఇంటి చిరునామాలతో సమానం, కొత్త ఊరిలో అవి దారి చూపవు. ముఖ్యమైన లంకె ఉన్న చోట అవతలి రాత శీర్షికను అక్షరాలలో రాసి పెట్టుకోవడం మేలు. చిత్రంలోని అక్షరాలను కూడా వెదికే సదుపాయం కొత్త చోట ఉండకపోవచ్చు; కనుక రసీదు ఫోటో కింద సారాంశాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవాలి.

మన తెలుగు వారికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది మరొకటి ఉంది. పాత రోజుల్లో ముద్రణ కోసం అను ఫాంట్లతో కొట్టిన తెలుగును చాలామంది అలాగే దాచుకున్నారు. అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని చోట తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. అలాంటివాటిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకున్న తర్వాతే తరలించాలి. తెలుగు, అరబీ ఒకే పంక్తిలో కలిసి ఉన్న చోట మరింత జాగ్రత్త కావాలి. ఒకటి ఎడమ నుండి, మరొకటి కుడి నుండి నడిచే లిపులు కాబట్టి పదాల వరుస తారుమారైనట్లు కనిపించవచ్చు. అరబీ భాగానికి ప్రత్యేకంగా ఒక పంక్తి కేటాయిస్తే ఈ చిక్కు తీరుతుంది. దుఆలోని అరబీని మాత్రం మన రాతతో కాక, అచ్చు పుస్తకంతోనే సరిచూసుకోవాలి. ఒక్క అక్షరం జారినా అర్థం మారిపోతుంది.

ముందుగా ముప్పై రాతలున్న చిన్న నోటుబుక్కును ఎంచుకొని పరీక్షించాము. వంటకాల నోటుబుక్కు అది. బిర్యానీ మసాలా కొలతలు, హలీం పాళ్లు, అన్నీ చక్కగా వచ్చాయి. ధైర్యం వచ్చింది. రెండు సాయంత్రాలలో మిగతావన్నీ తెచ్చుకున్నాము. లెక్క పెడితే పాత చోట మిగిల్చుకున్నవి ఎన్నో, కొత్త చోట చేరినవి అన్నే. అల్‌హందులిల్లాహ్ అనుకొని, పాత ఖాతాను మూసివేయడానికి సిద్ధపడ్డాము.

లెక్క సరిపోతే చాలునా?

ఆ రాత్రి మాకు హదీసు శాస్త్రంలో చదువుకున్న ఒక ఉదంతం గుర్తుకు వచ్చి ఉండకపోతే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ) మదీనాకు చెందిన గొప్ప తాబయీ పండితులు. హజ్రత్ అస్మా (రజి) కుమారులు, విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) చెంత పెరిగి జ్ఞానం సంపాదించినవారు. ఆయన ఒకసారి తన కుమారుడు హిషామ్‌ను, రాసుకున్నావా అని అడిగారు. రాసుకున్నానని కుమారుడు చెప్పాడు. మూలంతో పోల్చి చూశావా అని అడిగారు. లేదన్నాడు. అయితే నువ్వు రాయనట్లేనని తండ్రి తేల్చి చెప్పారు.

పోల్చి చూడడాన్ని హదీసువేత్తలు ముఖాబలా అన్నారు. ఈ పదాన్ని మనం పోటీ అన్న అర్థంలో వాడుతుంటాము. ఆ శాస్త్రంలో దాని భావం రెండు ప్రతులను ఎదురెదురుగా పెట్టి, అక్షరం వెంట అక్షరం సరిచూడడం. దీనికే ముఆరజా అన్న పేరు కూడా ఉంది. ప్రతి రమజాన్‌లో హజ్రత్ జిబ్రీల్ (అలై) దైవప్రవక్త (స)తో దివ్యఖుర్ఆన్‌ను సరిచూసేవారనీ, ఆయన జీవితపు చివరి సంవత్సరంలో అది రెండుసార్లు జరిగిందనీ హదీసుల్లో వచ్చింది. అక్కడ వాడిన పదం కూడా ఇదే ధాతువుకు చెందినది.

హిజ్రీ 463లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ (రహ్మ) ఈ విషయంలో ఒక చక్కని పద్ధతిని సూచించారు. ఆ కాలపు రాత ప్రతులలో ఒక హదీసుకూ మరొక హదీసుకూ నడుమ చిన్న వలయం గీసేవారు. ఆ వలయాన్ని ఖాళీగా వదిలేయాలి. ఒక్కొక్క హదీసునూ మూలంతో సరిచూసిన తర్వాత దాని వలయంలో ఒక చుక్క పెట్టాలి. ఖాళీ వలయం కనిపిస్తే అది ఇంకా సరిచూడనిదని పాఠకుడు గ్రహిస్తాడు. హిజ్రీ 643లో మరణించిన ఇబ్నుస్సలాహ్ (రహ్మ) తన ప్రసిద్ధ గ్రంథంలో దీన్ని పేర్కొన్నారు.

దీనికన్నా ముందు, అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ ఒకటి ఉంది. యమామా యుద్ధంలో అనేకమంది ఖుర్ఆన్ కంఠస్థులు అమరులైన తర్వాత, హజ్రత్ ఉమర్ (రజి) సూచనపై హజ్రత్ అబూబక్ర్ (రజి) దివ్యఖుర్ఆన్‌ను ఒక్కచోట చేర్చే బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. ఆయన స్వయంగా దైవవాణిని రాసినవారు. అయినప్పటికీ తన జ్ఞాపకం ఒక్కదానిపై ఆధారపడలేదు. ఖర్జూరపు మట్టల మీద, పలుచని తెల్లరాళ్ల మీద ఉన్న రాతలనూ మనుషుల హృదయాలలో ఉన్నదానినీ వెదికి, సరిచూసి చేర్చారు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ప్రతులు తీయడానికి ఆ మూలపత్రాలను హజ్రత్ హఫ్సా (రజి) వద్ద నుండి తెప్పించారు. పని పూర్తయిన తర్వాత తిరిగి ఆమెకే అప్పగించారు. ఆ మహత్కార్యంతో మన చిల్లర రాతలను పోల్చడం మా ఉద్దేశం కాదు. ఒక చోటి నుండి మరొక చోటికి రాతను మార్చేటప్పుడు మన పెద్దలు ఎలాంటి మర్యాద పాటించారో గుర్తు చేసుకుంటున్నాము, అంతే.

వలయాలు గీసి కూర్చున్నప్పుడు

ఒక కాగితం మీద 27 నోటుబుక్కుల పేర్లు రాసి, ప్రతి పేరు పక్కన ఒక వలయం గీశాము. ఇషా నమాజు తర్వాత ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నాము. ఒకరు పాత చోట చదవాలి, ఒకరు కొత్త చోట చూడాలి. నాలుగు వేలకు పైగా ఉన్న రాతలన్నిటినీ అక్షరాలా చదవడం సాధ్యం కాదు. అందుచేత ఒక నియమం పెట్టుకున్నాము. హక్కుల కుప్ప మొత్తం చదవాలి. జ్ఞానపు కుప్పలో అరబీ ఉన్నవన్నీ, మిగతావాటిలో పదింటికి ఒకటి చూడాలి. మూడవ కుప్పకు లెక్క సరిపోతే చాలు.

రెండవ రాత్రి “ఖర్జ్” నోటుబుక్కు వంతు వచ్చింది. అందులో 41 రాతలు. చదివేవారు చదువుతున్నారు, చూసేవారు సరిపోయిందంటున్నారు. ఒక చోట పాత తెర చూస్తున్న అమ్మాయి ఆగి, ఇక్కడ ఈ పంక్తి ఎర్రగా ఉందే, అక్కడ కూడా ఎర్రగా ఉందా అని అడిగింది. కొత్త తెర మీద ఎరుపు లేదు. అక్షరాలన్నీ నల్లగా, ఒకే తీరున ఉన్నాయి.

అప్పుడు మాకు తెలిసింది మేము చేసిన పొరపాటు. ఎన్నో ఏళ్లుగా మాకొక అలవాటు ఉండేది. తీరని బాకీని ఎర్ర అక్షరాలలో ఉంచేవాళ్లము. తీరగానే నలుపు చేసేవాళ్లము. “బాకీ ఉంది” అనిగాని, “తీరింది” అనిగాని అక్షరాలలో ఎక్కడా రాయలేదు. మార్క్‌డౌన్‌లో అక్షరానికి రంగు వేసే గుర్తు లేదు. కాబట్టి రంగు దారిలో జారిపోయింది, దానితోపాటు ఆ రంగు మోస్తున్న సాక్ష్యం కూడా. అక్షరం ఒక్కటి కూడా పోలేదు, సంఖ్య సరిపోయింది, అయినా తీరని బాకీలన్నీ తీరినవాటిలా కనిపిస్తున్నాయి. తప్పు పాత అప్లికేషన్‌ది కాదు, కొత్తదానిది కాదు. హక్కును మాటలో రాయకుండా రంగుకు అప్పగించిన మాది.

41 రాతలనూ తిరిగి చూస్తే ఎర్ర పంక్తులు మూడు తేలాయి. రెండు మాకు రావలసినవి. వాటి సంగతి ఇక్కడ అవసరం లేదు. మూడవది మేము ఇవ్వవలసినది. 2014లో హైదరాబాదు ఛత్తా బజారులోని ఒక జిల్దుసాజు చేత పాత మాసపత్రికల సంచికలు బైండు చేయించాము. మొత్తం 1,800 రూపాయలు. సగం ఇచ్చి, మిగతా సగం వచ్చే వారం ఇస్తామని చెప్పి వచ్చాము. ఆ వచ్చే వారం రాలేదు. మరచిపోయామంటే సరిపోదు. మరచిపోకుండా ఉండడానికే రాసుకున్నాము, రాసుకున్నామన్న ధీమాతోనే మరచిపోయాము.

మరుసటి శుక్రవారం వెళ్లాము. దుకాణం ఉంది, ఆయన లేరు. మూడేళ్ల క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారట. కుమారుడు కూర్చుని ఉన్నాడు. విషయం చెబితే తెల్లబోయాడు. “మా నాన్నగారు బాకీలు కాగితం మీద పెట్టేవారు కారు సాబ్, అన్నీ జ్ఞాపకంలోనే ఉండేవి. ఈ డబ్బు మాకు తెలియదు, మీరే ఉంచుకోండి” అన్నాడు. ఉంచుకోవడానికి అది మాది కాదని చెప్పాము. మరణించినవారికి రావలసిన బాకీ వారసులందరిదీ కాబట్టి తల్లికీ తోబుట్టువులకూ వారి వారి భాగం చేర్చమని కోరి, 900 రూపాయలు అతని చేతిలో పెట్టి వచ్చాము.

ఇంటికి వస్తూ దారి పొడవునా ఒకే ఆలోచన. ఆ మనిషి జ్ఞాపకం ఆయనతోపాటు వెళ్లిపోయింది. ఆయన హక్కుకు ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక సాక్షి మా ఎర్ర పంక్తి. లెక్క సరిపోయిందన్న తృప్తితో ఆ రాత్రే పాత ఖాతాను మూసివేసి ఉంటే, ఆ సాక్షిని మా చేతులతోనే మాయం చేసి ఉండేవాళ్లము. షహీదుకు సైతం అన్నీ క్షమించబడతాయి గాని, అప్పు మిగిలే ఉంటుందన్న దైవప్రవక్త (స) హెచ్చరిక ఎంత భారమైనదో 900 రూపాయల దగ్గర మాకు అర్థమైంది.

మూసివేసే ముందు, మూసివేసిన తర్వాత

ఈ అనుభవం నుండి పాఠకులకు కొన్ని సూచనలు చేయదలచాము.

హక్కుకు సంబంధించినదేదైనా మాటలో రాయండి. “ఇవ్వాలి”, “ముట్టింది”, “సాక్షి ఫలానావారు” అని స్పష్టమైన అక్షరాలలో ఉండాలి. రంగు, నక్షత్రపు గుర్తు, ఏ నోటుబుక్కులో పెట్టామన్న స్థానం, ఇవన్నీ దారిలో జారిపోగలవు. అక్షరాన్ని మాత్రం ఏ అప్లికేషన్ అయినా మోసుకొస్తుంది.

తేదీని కూడా రాత లోపలే రాయండి. అప్లికేషన్ తనకు తానుగా వేసుకునే తేదీ ఎగుమతి ఫైలులో వస్తుందిగాని, చేత్తో ఎత్తి అంటించిన రాతకు ఆ రోజు తేదీయే పడుతుంది. మన సొమ్ము నిసాబ్‌కు చేరిన రోజు ఏదో తెలియకపోతే జకాత్‌కు సంవత్సరం ఎప్పుడు నిండుతుందో తెలియదు. అది చాంద్రమాన సంవత్సరం కాబట్టి హిజ్రీ తేదీని పక్కనే చేర్చుకోవడం మంచిది.

సరిచూడడం పూర్తయ్యే వరకు పాతదాన్ని ముట్టవద్దు. పూర్తయిన తర్వాత మాత్రం తొలగించడంలో అలసత్వం చేయవద్దు. ఎందుకంటే అందులో ఉన్నవి మన రహస్యాలు మాత్రమే కావు. బంధువుల ఆధార్ ప్రతులు, ఒక సోదరి వైద్య పరీక్షల కాగితాలు, సంసారపు కష్టం చెప్పుకొని సలహా కోరినవారి ఉత్తరాలు, ఇవన్నీ అమానతులు. ఎవరూ కాపలా లేని పాత ఇంట్లో అమానతును వదిలి రాకూడదు. చెత్తబుట్టను కూడా ఖాళీ చేసి, పాత ఫోన్లలో ఆ ఖాతా నుండి బయటకు వచ్చి, అప్పుడు తలుపు వేయాలి. బయటకు తీసిన ఎనెక్స్ ఫైళ్లను ఒక పెన్‌డ్రైవులో వేసి ఇంటి బీరువాలోనే తాళం వేసి ఉంచుకోవచ్చు. రాతలకు మరొక ప్రతి కూడా వేరొక చోట ఉండాలి. ఒక్క ఫోనును నమ్ముకున్న సంగ్రహం, ఆ ఫోను నీళ్లలో పడిన రోజున ముగిసిపోతుంది.

చివరిగా, ఇంట్లో కనీసం ఒకరికైనా ఈ రాతలు ఎక్కడ ఉన్నాయో, ఎలా తెరవాలో తెలిసి ఉండాలి. బీరువా పై అరలోని పుస్తకాన్ని చదవగలిగిన ఎవరైనా తెరవగలిగేవారు. ఫోనులోని పుస్తకానికి తాళం మన వేలిముద్ర. మన తర్వాత ఆ వేలు ఉండదు. మేము హక్కుల కుప్పలోని సారాంశాన్ని రెండు కాగితాల మీద చేత్తో రాసి, ఇల్లాలికి అప్పగించాము. ఇన్ని అప్లికేషన్లు తిరిగి తిరిగి, అతి ముఖ్యమైన రాతకు తిరిగి కాగితమే దిక్కయిందని ఆమె నవ్వింది. ఆ మాటకు మా వద్ద జవాబు లేదు.

వలయాల కాగితం ఇంకా మా బల్ల మీదే ఉంది. 26 వలయాలలో చుక్కలు పడ్డాయి. ఒకటి ఖాళీగా ఉంది. అది వసియ్యతు నోటుబుక్కుది. అక్షరాలు సరిపోలలేదని కాదు, పాత చోటా కొత్త చోటా ఒక్క తేడా లేకుండా ఉంది. కాని రాసి తొమ్మిదేళ్లయింది. అందులో పేర్కొన్న పొలం ఇప్పుడు మాది కాదు. అమానతు ఉందని రాసిన చోట ఆ అమానతు లేదు, కొత్తగా చేరినది రాయలేదు. మూలంతో సరిపోలింది, జీవితంతో సరిపోలలేదు. రాయవలసిన విషయం ఉన్న ముస్లిము తన వసియ్యతును రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని దైవప్రవక్త (స) చెప్పి ఉండగా, మేము తొమ్మిదేళ్ల నాటి కాగితాన్ని నమ్ముకొని నిశ్చింతగా నిద్రపోయాము. ఆ వలయంలో చుక్క పెట్టడానికి చేయి రాలేదు. ఈ వ్యాసం ముగించగానే ముందుగా చేయవలసిన పని అదే.

మీ ఇంట్లో కూడా ఒక ఖాళీ వలయం ఉండవచ్చు. ఈ వారం ఒక రాత్రి ఇషా తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చొని చూసుకోండి. మన మీద ఉన్న ప్రతి హక్కునూ మనం బ్రతికి ఉండగానే తీర్చుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన కర్మల పత్రం తెరుచుకునే రోజున దానిని కుడిచేతికి అందించుగాక! ఆమీన్.